వెన్నులో యంత్రం పెట్టించుకునే ముందు

నడుముకు ఒకసారి ఆపరేషన్ అయి, తగ్గక రెండోసారీ అయి, ఆ తర్వాత కూడా పిరుదు నుంచి పాదం దాకా లాగుతూ మండే నొప్పితో రాత్రిళ్లు నిద్రకు దూరమైనవాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. నొప్పి వైద్యం చేసే డాక్టరుగా నేను రోజూ చూసేది వాళ్లనే. ఈమధ్య వాళ్లలో కొందరు ఫోనులో ఒక వీడియో పెట్టుకుని వస్తున్నారు. "వెన్నులో ఏదో బ్యాటరీ పెడతారటండీ, ఇక నొప్పే తెలియదటండీ, పెట్టించుకోమంటారా?" అని అడుగుతున్నారు. పొలం అమ్మైనా సరే పెట్టించుకుంటామని నిర్ణయించుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ ప్రసంగం వాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. నరానికి సంబంధం లేని ఉత్త నడుం నొప్పికైతే వద్దంటాను. నరం దెబ్బతిని కాలిలోనో పాదంలోనో మండే నొప్పికైతే, చేయాల్సినవన్నీ చేసి చూశాక, ఆలోచించవచ్చంటాను. ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్తాను.

ఈ యంత్రం పేరు స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్. వెన్నుపామును కప్పి ఉంచే పొరకు బయట ఎపిడ్యూరల్ అనే ఇరుకైన జాగా ఉంటుంది. నొప్పి తెలియకుండా కాన్పు చేయడానికి మందు ఎక్కించేది అక్కడికే. ఎక్స్‌రేలో చూసుకుంటూ, లావుపాటి సూది గుండా, ఆ జాగాలోకి ఒకటో రెండో సన్నని తీగలు ఎక్కిస్తారు. నడుము, కాళ్ల నొప్పికైతే తీగ కొస వీపు మధ్య భాగం దాకా చేరుతుంది. రెండో కొసను చర్మం కిందుగానే తీసుకొచ్చి, పిరుదు పైభాగంలో చిన్న సంచీలా కోసి పెట్టిన బ్యాటరీకి కలుపుతారు. ఆ బ్యాటరీ అగ్గిపెట్టె కన్నా కాస్త వెడల్పుగా ఉంటుంది. దాన్ని పెంచడానికి, తగ్గించడానికి, ఆపడానికి మీ చేతికి ఒక రిమోట్ ఇస్తారు.

కరెంటుతో నొప్పి తగ్గించాలన్న ఆలోచన చాలా పాతది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమన్ వైద్యుడు తలనొప్పికి, గౌట్ నొప్పికి బతికున్న తిమ్మిరి చేపను ఒంటికి తాకించమని రాశాడు. అయితే దానికొక శాస్త్రీయమైన ఆధారం దొరికింది 1965లో. ఆ ఏడాది రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ప్రకటించారు. నొప్పి కబురు మెదడుకు చేరేముందు వెన్నుపాములో ఒక ద్వారం దాటాలనీ, స్పర్శను మోసే లావు నరాలు చురుగ్గా ఉంటే ఆ ద్వారం కొంత మూసుకుంటుందనీ వాళ్లు చెప్పారు. మోకాలికి దెబ్బ తగిలితే మనం వెంటనే అక్కడ రుద్దుకుంటాం, కాస్త హాయిగా ఉంటుంది. ఆ హాయికి వాళ్లు చెప్పిన కారణం ఇదే. రెండేళ్లు తిరగకుండానే, 1967లో, అమెరికాలో నార్మన్ షీలీ అనే న్యూరోసర్జన్ క్యాన్సర్ నొప్పితో ఉన్న ఒక రోగి వెన్నులో మొదటి స్టిమ్యులేటర్ పెట్టారు. 1984లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, అంటే ఎఫ్‌డీఏ, పూర్తిగా ఒంటి లోపలే ఉండే యంత్రానికి అనుమతి ఇచ్చింది.

మరి ఇన్ని దశాబ్దాల నుంచి ఉన్న వైద్యం మీద ఇప్పుడు కొత్తగా సందేహం ఎందుకొచ్చింది? అసలు సంగతి అంతా ఇక్కడే ఉంది కాబట్టి ఈ భాగం జాగ్రత్తగా వినండి.

యంత్రాన్ని శాశ్వతంగా పెట్టేముందు పరీక్షగా కొన్ని రోజులు వాడి చూస్తారు. తీగలు మాత్రమే లోపల ఉంటాయి. బ్యాటరీ బయటే, నడుముకు కట్టిన బెల్టులో ఉంటుంది. వంగకూడదు, మెలితిరగకూడదు, తలస్నానం చేయకూడదు. సాధారణంగా మూడు నుంచి పది రోజులు అలా గడిపాక, నొప్పి సగానికి సగం తగ్గిందంటే పరీక్ష నెగ్గినట్టు లెక్క. ఎఫ్‌డీఏ కూడా 2020లో ఈ పరీక్ష లేకుండా యంత్రం పెట్టవద్దని డాక్టర్లకు ప్రత్యేకంగా గుర్తుచేసింది. ఈ పరీక్ష అవసరమే, కాదనను. కానీ అది మనం అనుకున్నంత గట్టి రుజువు కాదు.

ఆ వారం ఎలా గడుస్తుందో ఒక్కసారి ఊహించండి. ఏళ్ల తరబడి "నీ నొప్పి మనసులో ఉంది" అని వింటూ వచ్చిన మనిషి చుట్టూ ఇప్పుడు నలుగురు చేరి, నొప్పి ఎక్కడుంది, ఎంతుంది అని శ్రద్ధగా అడుగుతున్నారు. కొడుకు సెలవు పెట్టి పక్కనే ఉన్నాడు. లక్షల ఖరీదు చేసే యంత్రం నడుముకు కట్టి ఉంది. ఇది కూడా పనిచేయకపోతే ఇంకో దారి లేదన్న భయం ఒకపక్క, ఈసారి తప్పక తగ్గుతుందన్న ఆశ ఇంకోపక్క. ఆ వారంలో నొప్పి తగ్గిందని ఆయన చెప్తే అందులో అబద్ధం ఏమీ ఉండదు. నిజంగానే తగ్గుతుంది. ఆశతో, నమ్మకంతో తగ్గే నొప్పి ఊహ కాదు. 1978లోనే లెవీన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే పరిశోధకులు పన్ను పీకించుకున్నవాళ్ల మీద దీన్ని చూపించారు. ఉత్తుత్తి మందుతో కలిగిన ఉపశమనాన్ని, మార్ఫిన్‌కు విరుగుడైన నలాక్సోన్ ఇచ్చి పోగొట్టగలిగారు. అంటే నమ్మకం వల్ల మెదడు సొంతంగా నొప్పి మందు తయారు చేసుకుంటోందన్నమాట. అయితే తగ్గింది ఆశ వల్లనా, కరెంటు వల్లనా అన్నది ఆ వారం రోజుల పరీక్షకు తెలిసే వీలు లేదు.

మాత్రల విషయంలో ఈ తేడా తేల్చడం తేలిక. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అదే రంగు పిండి మాత్ర ఇస్తాం. స్టిమ్యులేటర్‌తో ఆ పని దశాబ్దాలపాటు కుదరలేదు. పాత పద్ధతిలో యంత్రం సెకనుకు యాభై సార్ల చొప్పున కరెంటు పంపితే, నొప్పి ఉన్నచోట జుమ్ముమని తిమ్మిరి తెలుస్తుంది. తిమ్మిరి తెలిస్తే యంత్రం నడుస్తున్నట్టు, తెలియకపోతే ఆగినట్టు. రోగికి తెలియకుండా దాన్ని ఆపి పరీక్షించడం ఎలా? అందుకే పాత అధ్యయనాలు చాలావరకు యంత్రం పెట్టినవాళ్లను పెట్టనివాళ్లతో పోల్చి ఊరుకున్నాయి. తర్వాత తిమ్మిరి తెలియని కొత్త పద్ధతులు వచ్చాయి. సెకనుకు పదివేల సార్లు కొట్టేది ఒకటి, జట్లు జట్లుగా కొట్టి ఆగేది ఇంకొకటి. రోగికి హాయిగా ఉంటుందని తెచ్చిన ఈ మార్పే పరిశోధకులకూ దారి తెరిచింది.

నార్వేలో ట్రాండ్‌హైమ్ నగరంలోని సెయింట్ ఓలావ్స్ ఆసుపత్రి డాక్టర్లు ఆ పని చేశారు. వాళ్ల ఫలితం 2022 అక్టోబరులో వచ్చింది. వెన్ను ఆపరేషన్ తర్వాత కూడా నడుమూ కాలూ నొప్పి పోని 50 మందిని తీసుకున్నారు. అందరూ రెండు వారాల పరీక్ష నెగ్గినవాళ్లే. అందరికీ యంత్రం పెట్టారు. తర్వాత ఏడాది పాటు మూడేసి నెలల చొప్పున రెండు విడతలు యంత్రాన్ని నడిపారు, రెండు విడతలు ఆపి ఉంచారు. ఎప్పుడు నడుస్తోందో, ఎప్పుడు ఆగి ఉందో రోగికి తెలియదు. నొప్పి వల్ల రోజువారీ పనులు ఎంత కష్టమవుతున్నాయో నూటికి ఇన్ని అని కొలిచే స్కోరు మొదట్లో సగటున 45 దగ్గర ఉంది. యంత్రం నడిచినప్పుడు అది 10.6 తగ్గింది. ఆపి ఉంచినప్పుడు 9.3 తగ్గింది. మధ్య తేడా 1.3. మనిషి జీవితంలో ఆ తేడా లేనట్టే.

ఈ అధ్యయనాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటా చెప్పాలి. పరీక్షలో పాత తిమ్మిరి పద్ధతి వాడి, అసలు అధ్యయనంలో జట్లుగా కొట్టే పద్ధతి వాడారని ఒక అభ్యంతరం. ఆ కొట్టే తీరు కూడా కంపెనీ అనుమతి పొందిన తీరు కాదని ఇంకొకటి. ఈ రెండిటిలోనూ కొంత న్యాయం ఉంది. అయితే ఆపి ఉంచిన యంత్రంతో కూడా తొమ్మిది పాయింట్లు మెరుగైందన్న విషయాన్ని ఏ అభ్యంతరమూ కొట్టెయ్యలేదు. పాత అధ్యయనాల్లో యంత్రానికి దక్కిన మార్కుల్లో ఎన్ని ఇలా దక్కాయో అన్న ప్రశ్న అలాగే నిలిచి ఉంది. 2023లో కోక్రేన్ సంస్థ తరపున సిడ్నీ పరిశోధకులు నడుం నొప్పి మీద జరిగిన 13 అధ్యయనాలను, అంటే 699 మంది రోగుల వివరాలను, కలిపి పరిశీలించారు. ఆరు నెలల దగ్గర ఉత్తుత్తి చికిత్స కన్నా మేలు బహుశా లేదని తేల్చారు. ఏడాదీ ఆపైన ఏమవుతుందో ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూసిన అధ్యయనం వాళ్లకు ఒక్కటీ దొరకలేదు. పదేళ్లు ఒంట్లో ఉండాల్సిన వస్తువుకు ఇది చాలా పెద్ద లోటు. నడుం నొప్పికి వద్దంటున్నది ఇందుకే.

ఇక నరాల నొప్పి. ఇక్కడ తూకం కొంత మారుతుంది. కెనడాలో రెజీనాలో పనిచేసిన న్యూరోసర్జన్ కృష్ణ కుమార్ నాయకత్వంలో జరిగిన అధ్యయనం 2007లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత నడుము కన్నా కాలి నొప్పే ఎక్కువగా ఉన్న వంద మందిని తీసుకున్నారు. ఆరు నెలలకు, యంత్రం పెట్టినవాళ్లలో 48 శాతం మందికి కాలి నొప్పి సగమో అంతకన్నా ఎక్కువో తగ్గింది. మందులతో, మామూలు వైద్యంతో ఉన్నవాళ్లలో అలా తగ్గింది 9 శాతానికే. పెద్ద తేడాయే. కానీ అదే అధ్యయనంలో ఏడాది తిరిగేసరికి యంత్రం పెట్టినవాళ్లలో 32 శాతం మందికి దాని వల్ల ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఇంకో జబ్బు మీద, అంటే చిన్న దెబ్బ తర్వాత చెయ్యో కాలో వాచి, కందిపోయి, తాకితేనే ప్రాణం పోయినంత నొప్పి పుట్టే జబ్బు మీద, 54 మందితో చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. ఆరు నెలలకు యంత్రం బాగా పనిచేసింది. ఐదేళ్లకు చూస్తే, ఉత్త ఫిజియోథెరపీ చేసుకున్నవాళ్లకూ వీళ్లకూ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు.

షుగరు వ్యాధితో వచ్చే అరికాళ్ల మంటల గురించి మాత్రం మనం ఎక్కువ మాట్లాడుకోవాలి. ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు పది కోట్ల పైమాటే. పాదాల మంటతో రాత్రి దుప్పటి కూడా కాళ్లకు తగలనివ్వలేనివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. 2021లో ఎఫ్‌డీఏ పదివేల సార్ల యంత్రాన్ని ఈ నొప్పికి అనుమతించింది. దానికి ఆధారమైన అధ్యయనంలో 216 మంది ఉన్నారు. మూడు నెలలకు యంత్రం పెట్టినవాళ్లలో 79 శాతం మందికి సగం పైగా ఉపశమనం, పెట్టనివాళ్లలో 5 శాతానికి. ఈ అంకె మీకు ఎవరైనా చెప్తే, రెండు విషయాలు పక్కన పెట్టుకోండి. ఆ అధ్యయనానికి డబ్బు పెట్టింది యంత్రం తయారు చేసే కంపెనీయే. అందులో ఆపి ఉంచిన యంత్రంతో పోలిక లేదు.

మన దగ్గర పాదాల మంటలున్న మనిషి యంత్రం దాకా వెళ్లేముందు జరగాల్సినవి చాలా ఉన్నాయి. అవి జరగకుండానే "ఇంక ఏ మందూ పనిచేయలేదు" అనేస్తున్నారన్నది నా బాధ. షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 విటమిన్ తగ్గవచ్చు. తగ్గితే అచ్చం ఇలాగే మంటలు, తిమ్మిర్లు వస్తాయి. శాకాహారులకు ఇంకా ఎక్కువ ప్రమాదం. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది. ఎమిట్రిప్టిలిన్, డ్యూలాక్సెటిన్, ప్రీగాబాలిన్ అనే మూడు మందులను బ్రిటన్‌లో పోల్చి చూసి 2022లో ఫలితం ప్రకటించారు. మూడూ దాదాపు సమానంగా పనిచేశాయి. ఒకటి చాలనివాళ్లకు రెండు కలిపి ఇస్తే ఇంకొంత మేలు జరిగింది. కానీ నేను చూసే చీటీల్లో ప్రీగాబాలిన్ చిన్న డోసు రాసి వదిలేసినవే ఎక్కువ. మత్తుగా ఉందని రోగి వారానికే మానేస్తాడు. మెల్లగా పెంచి, తగినంత డోసులో, తగినన్ని వారాలు వాడితేనే ఆ మందు పనిచేసిందో లేదో తెలిసేది.

నష్టాల మాటకొద్దాం. తీగ జరిగిపోవచ్చు, తెగవచ్చు. బ్యాటరీ పెట్టినచోట చీము పట్టవచ్చు, లేదా అక్కడే కొత్త నొప్పి మొదలవ్వచ్చు. అరుదుగా వెన్నుపాము పక్కన రక్తం గూడుకట్టి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. అమెరికాలో 2016 జులై నుంచి 2020 జులై దాకా ఈ యంత్రాల మీద ఎఫ్‌డీఏకు 1,07,728 ఫిర్యాదులు అందాయి. ప్రతి ఫిర్యాదుకూ యంత్రమే కారణమని కాదు, కానీ తీసిపారేయదగ్గ సంఖ్యా కాదు. అక్కడే ఇన్సూరెన్స్ రికార్డులు చూసి, యంత్రం పెట్టించుకున్న 1,260 మందిని, మామూలు వైద్యం చేయించుకున్న 6,300 మందితో పోల్చారు. రెండేళ్లయినా నల్లమందు జాతి నొప్పి మాత్రల వాడకం యంత్రం ఉన్నవాళ్లలో తగ్గలేదు. వాళ్లలో 18 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి, 22 శాతం మందికి యంత్రాన్ని సరిచేయాల్సో తీసేయాల్సో వచ్చింది.

పెట్టించుకున్న తర్వాతి బతుకు గురించి వీడియోల్లో ఎవరూ చెప్పరు. చార్జింగ్ అవసరం లేని బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది, తర్వాత మళ్లీ కోసి మార్చాలి. చార్జింగ్ పెట్టుకునేదైతే దాదాపు తొమ్మిదీ పదేళ్లు. ఎమ్మారై తీయించుకోవాలంటే మీ మోడల్‌కు వీలుందో లేదో కనుక్కోవాలి. ఇంకే ఆపరేషన్ అయినా సర్జన్‌కు ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, నడుం నొప్పికి ఫిజియోథెరపీ సెంటర్లలో పెట్టే షార్ట్‌వేవ్ డయాథెర్మీ, అంటే లోపలి దాకా వేడి పుట్టించే చికిత్స, ఈ యంత్రం ఉన్నవాళ్లకు పూర్తిగా నిషిద్ధం. ఆ వేడి తీగ గుండా వెన్నుపామును కాల్చేయగలదు. ఇది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన నన్నొకసారి అడిగారు, "డాక్టరుగారూ, అది పెడితే నేను కింద కూర్చుని మనవడితో అన్నం తినగలనా?" నేను ఇన్నేళ్లలో విన్నవాటిలో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. నొప్పి పదిలో ఎనిమిది నుంచి నాలుగుకు వస్తుందంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పరీక్ష వారానికి ముందే రెండు మూడు పనులు కాగితం మీద రాసుకోండి. గుడి దాకా నడవడం, నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోవడం, దుకాణంలో పూటంతా నిలబడడం. ఆ వారంలో అవి చేయగలిగారో లేదో చూసుకోండి. చేయలేకపోతే, నొప్పి తగ్గినట్టే అనిపించినా, శాశ్వతంగా పెట్టించుకోకండి. పరీక్షకు డబ్బు ఖర్చయింది కదా అని మిగతా లక్షలు పోయకండి.

డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. మీరు ఇప్పటిదాకా ఎన్ని పెట్టారు, వాటిలో ఎన్ని తీసేయాల్సొచ్చింది, తీసేయాలంటే ఖర్చు ఎవరిది అని అడగండి. యంత్రాన్ని సెట్ చేసేది మీరా, కంపెనీ మనిషా అనీ అడగండి. చాలాచోట్ల కంపెనీ ప్రతినిధే చేస్తాడు. ఆయన ఉద్యోగం మారితే, కంపెనీ మీ ఊరి నుంచి వెళ్లిపోతే, మూడేళ్ల తర్వాత రిమోట్ పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలో ఇప్పుడే తెలుసుకోండి. హైదరాబాదులో పెట్టించుకుని శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉండేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. ఇన్సూరెన్స్ ఉంటే యంత్రం ధర, పరీక్ష ఖర్చు, బ్యాటరీ మార్పిడి ఈ మూడూ విడివిడిగా రాతపూర్వకంగా అడగండి.

చివరిగా ఒక విన్నపం. యంత్రం పెట్టించుకుంటే దాని మోడల్, సీరియల్ నెంబరు ఉన్న కార్డు తప్పకుండా తీసుకుని, ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ఏఎస్ఆర్ అనే కృత్రిమ తుంటి కీలును లోపాల వల్ల 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లు ఆ కీలుతోనే జరిగాయని తేలినా, జాడ దొరికిన రోగులు సుమారు వెయ్యి మందే. అలాంటి అన్యాయం మళ్లీ జరగకూడదు. వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేయడానికి 2015 నుంచి మన దేశంలో మెటీరియోవిజిలెన్స్ అనే కార్యక్రమం నడుస్తోంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తోంది. రోగులు స్వయంగా ఫిర్యాదు చేయవచ్చు. మీకుగానీ మీ ఇంట్లోవాళ్లకుగానీ ఒంట్లో పెట్టిన ఏ పరికరంతోనైనా ఇబ్బంది వస్తే ఊరుకోకండి, ఫోన్ చేయండి. టోల్ ఫ్రీ నెంబరు 1800 180 3024. మళ్లీ చెప్తున్నాను, రాసుకోండి: 1800 180 3024.